నువ్వూ పోయావు

మావయ్యగారికి చుట్ట లేదు, పేకాట లేదు, ఊళ్ళోవాళ్ళ సంగతులు చెవిన వేసుకునే సరదా కూడా లేదు. ఉన్న అలవాటు ఒక్కటే. ఉన్నట్టుండి కరెంటు షాకు కొట్టినవాడిలా పడిపోతారు.

నిజంగా కొట్టి కాదు, కొట్టినట్టు. ఒక చెయ్యి మిక్సీకో ఇస్త్రీపెట్టెకో అతుక్కుని ఉంటుంది. దాని ప్లగ్గు ముందే పీకేసి ఉంటారు. ఒళ్ళు గజగజ వణుకుతుంది, కళ్ళు పైకి తేలిపోతాయి. ఆ తేలిన కళ్ళ సందులోంచే ఎవరేం చేస్తున్నారో చూస్తూంటారు. గాభరాపడి ఎవరైనా వచ్చి ముట్టుకున్నారో, వణుకు టక్కున ఆగిపోతుంది. ఒక కన్ను తెరుచుకుంటుంది.

"నువ్వూ పోయావు" అని తీర్పు వస్తుంది.

ఈ విద్య ఆయనకి ఊరికే అబ్బలేదు. కుర్రతనంలో నాటకాల కంపెనీలో చేరి, ఎన్నాళ్ళు ఆడినా శవం వేషం దాటి పైకి రాలేదు. దాన్నే ఇప్పటికీ ఘనంగా చెప్పుకుంటారు. "ఒకసారి నా ముక్కు మీద ఈగ వాలింది. అంకం అయ్యేదాకా అక్కడే కాపురం పెట్టింది. కదిలానా? జనం నిజంగానే పోయాడనుకుని లేచి నిలబడ్డారు." తరవాత గోదాములో గుమాస్తా అయ్యారు. అక్కడా పడ్డారు. "మా మేనేజరు ఎన్నిసార్లు పోయాడో లెక్క లేదు. చివరికి పాసయ్యాడు, కానీ అప్పటికి రిటైరైపోయాడు" అంటారు.

కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెబితే పరీక్ష పాడైపోతుందని మావయ్యగారి ఆజ్ఞ. ఆ పిల్ల టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వంటింట్లోంచి వస్తోంది. ఎదురుగా మావయ్యగారు టేబుల్ లైటు పట్టుకుని గిలగిలా కొట్టుకుంటున్నారు. పళ్ళెం ఎటు విసిరిందో తెలీదు. పరుగున వెళ్ళి రెండు చేతులతో ఆయన భుజాలు పట్టుకుంది.

ఒక కన్ను తెరుచుకుంది. "నువ్వూ పోయావు, అమ్మాయ్."

"అయ్యో, ఏమైంది మావయ్యగారూ?"

"నాకేమీ కాలేదు. నీకే అయింది. నా ఒంట్లో కరెంటు నీ ఒంట్లోకొచ్చింది. ఇప్పుడు నిన్ను పట్టుకోడానికి మీ అత్తయ్య వస్తుంది, ఆవిణ్ణి పట్టుకోడానికి నా కొడుకొస్తాడు. సాయంత్రానికి ఇల్లు ఖాళీ." అప్పుడు లేచి కూచుని పాఠం చెప్పారు. "ముట్టుకోకు. ముందు మెయిన్ ఆపు. మెయిన్ అందకపోతే పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో తోసెయ్. మనిషి విడిపోయాక అప్పుడు ఊపిరి చూడు, అంబులెన్సుకి ఫోన్ చెయ్. చెప్పు?"

గాజుపెంకులు ఏరుకుంటూ చెప్పింది పాపం. తలుపు దగ్గర అత్తయ్య నవ్వాపుకుంటోంది. "మా ఇంట్లో గృహప్రవేశం ఇలాగే ఉంటుందమ్మా. నువ్వేం అనుకోకు."

ఇంటి నడవాలో మెయిన్ స్విచ్చు ఉంది. దాని పక్కన మేకుకి నున్నగా చిత్రిక పట్టిన కర్ర ఒకటి వేలాడుతూంటుంది. కింద అట్టముక్క మీద 'దీనితో పిల్లిని అదిలించరాదు' అని మావయ్యగారి దస్తూరీ. ఆ నడవా దాటి ఎవరొచ్చినా పరీక్ష తప్పదు. గ్యాసుబండ తెచ్చిన మనిషి పోయాడు. పక్కింటావిడ పోయింది. పోవడమే కాదు, మర్నాడు కర్ర కొనుక్కుని బతికొచ్చింది. బీమా ఏజెంటు మిక్సీ పట్టుకున్న మావయ్యగారిని పట్టుకుని పోతే, "నువ్వు చేయించుకున్నావా బాబూ పాలసీ?" అని అడిగారట. ఆ ఏజెంటు మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు.

కొడుకు మాత్రం పుట్టినప్పటి నుంచి ఈ పరీక్షల్లో పెరిగినవాడు. వంటింట్లో గిన్నె దొర్లితే మెయిన్ ఆపేస్తాడు. పక్కింట్లో గిన్నె దొర్లినా ఆపేస్తాడు.

కోడలు ఒక్కతే పాసవ్వలేదు. పాఠం రాక కాదు, అప్పజెప్పమంటే తడుముకోకుండా అప్పజెబుతుంది. మనిషి పడ్డం చూస్తే చాలు, చేతులు ముందుకెళ్ళిపోతాయి. "నీకు బుర్ర కంటే చేతులు ముందు పుట్టాయే" అనేవారు మావయ్యగారు. తిట్టినట్టే అనేవారు గానీ మొహంలో కోపం ఉండేది కాదు.

దానివల్ల నష్టం ఏమిటంటే, కోడలు సరదాపడి తెచ్చుకున్న బట్టలుతికే మిషను పెరటి వరండాలో అట్టపెట్టె కూడా విప్పకుండా కూచుంది. అది నడవాలంటే రెండు షరతులు. ఒకటి, కరెంటు లీకేజీ కనిపెట్టి తనంతట తానే పడిపోయే స్విచ్చు, ఇల్లు అద్దెకిచ్చిన ఇంటివాడు పెట్టించాలి. ఇంటివాడేమో ఆ మాటెత్తితే వర్షాల కబుర్లు చెబుతాడు. రెండు, ఇంట్లో అందరూ పాసవ్వాలి.

"ఇంటివాడు ఎటూ పెట్టించడు. నేనైనా పాసవుతాను" అని కోడలు పంతం పట్టింది. ఏ చప్పుడు వినబడినా ముందు రెండు చేతులూ వెనక్కి కట్టుకోవడం మొదలెట్టింది. కుక్కరు కూసినా చేతులు వెనక్కి. తలుపు కొట్టుకున్నా చేతులు వెనక్కి. "ఎందుకే అలా బడిపిల్లలా నిలబడతావు?" అని అత్తయ్య ఒకటే నవ్వు.

ఒకరోజు విసుగొచ్చి అడిగేసింది. "ఎప్పుడూ మీరే పడతారేం మావయ్యగారూ? ఓసారి అత్తయ్యని పడమనండి. మీరు మెయిన్ ఎలా ఆపుతారో నేనూ చూస్తాను."

మావయ్యగారి మొహం ముడుచుకుపోయింది. "దానికి నడుంనొప్పి" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

"నాకేం లేదే నొప్పి" అంది అత్తయ్య. పేపరు ఇంకాస్త పైకి లేచింది.

మరో విడ్డూరం కూడా ఉంది. పాతబడిన వైరుగానీ, పగిలిన ప్లగ్గుగానీ కంటబడితే కత్తిరించి పారేసే మనిషి, అత్తయ్య ఇనప టేబుల్ ఫ్యాను జోలికి మాత్రం పోరు. అది ఆవిడ బట్టలు కుట్టి సొంతంగా కొనుక్కున్న మొదటి వస్తువు. దాని వైరు నిండా అతుకులే. "పారేద్దామే" అని మెల్లిగా అంటారు. "నా ఫ్యాను ముట్టుకుంటే నేను మా చెల్లెలింటికి పోతా" అంటుందావిడ. అంతే, మావయ్యగారు చల్లబడిపోతారు. ఊరందరినీ చంపి బతికించిన మనిషి ఆవిడ దగ్గర పిల్లి.

ఆ ఫ్యానే చివరికి అంత పనీ చేసింది.

ఆవేళ మధ్యాహ్నం అత్తయ్య పెరటి వరండా కడిగి, త్వరగా ఆరుతుందని ఫ్యాను తెచ్చి పెట్టింది. కాళ్ళ కింద తడి, చేతులు తడి. తిరుగుతున్న ఫ్యానుని పక్కకి జరపబోయింది. కోడలు నడవాలో బట్టలు మడతపెడుతోంది. హాల్లో మావయ్యగారు కునికిపాట్లు పడుతున్నారు.

కేక కాదు, గొంతులో నొక్కేసినట్టు ఒక చప్పుడు వచ్చింది. కోడలి చేతులు అలవాటు కొద్దీ వెనక్కి పోయాయి. తలెత్తి చూస్తే వరండాలో అత్తయ్య, ఫ్యాను కాడని విడవలేక, కొయ్యబారి నిలబడి ఉంది. ఈ వణుకు మావయ్యగారి వణుకులా లేదు. చిన్నగా, గట్టిగా ఉంది.

కోడలు మెయిన్ వైపు తిరిగేలోగా వెనక నుంచి కుర్చీ పడ్డ చప్పుడు. మావయ్యగారు పరిగెత్తుకొస్తున్నారు. మెయిన్ వైపు చూడలేదు. కర్ర వైపు చూడలేదు. చెప్పుల్లేవు. రెండు చేతులూ చాచుకుని, తిన్నగా ఆవిడ మీదికే.

అప్పుడు కోడలి చేతులు మళ్ళీ ముందుకొచ్చాయి. కుడిచెయ్యి మెయిన్ లాగేసింది, ఎడమచెయ్యి మావయ్యగారి చొక్కా కాలరు పట్టేసింది. గుండీలు తెగి నడవా అంతా దొర్లాయి. ఫ్యాను రెక్కలు నెమ్మదించాయి. అత్తయ్య పిడికిలి విడిపోయి తడినేల మీద కూలబడింది.

"వదులమ్మా, వదులు" అంటున్నారు మావయ్యగారు. అది ఆజ్ఞలా లేదు.

ప్లగ్గు కూడా పీకేశాకే కోడలు ఆయన కాలరు వదిలింది. అత్తయ్య ఛాతీ మీద చూపు పెట్టింది. ఊపిరి ఆడుతోంది. పిలిస్తే కళ్ళు తెరిచింది. కోడలు అంబులెన్సుకి ఫోన్ చేసి, అడ్రసు తడబడకుండా చెప్పి, అప్పుడు తీరిగ్గా ఏడ్చింది.

ఆస్పత్రిలో గుండె పరీక్ష చేసి భయం లేదన్నారు, ఒక రోజు ఉండమన్నారు. అరచేతికి కట్టు కట్టారు. గుండీల్లేని చొక్కాతో మావయ్యగారు మంచం పక్కన స్టూలు మీద కూచున్నారు. గోదాము గురించి గానీ ఈగ గురించి గానీ ఒక్క ముక్క చెప్పలేదు. అలా ఆయన్ని ఎవరూ చూడలేదు.

"ఏవండీ, మెయిన్ మీరే ఆపారా?" అంది అత్తయ్య నీరసంగా.

మావయ్యగారు దుప్పటి సర్దారు. కోడలు గొంతు సవరించుకుంది. ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న మాట.

"ఒట్టి చేతులతో వచ్చారత్తయ్యా. మావయ్యగారూ, మీరూ పోయారు."

కొడుకు ఉలిక్కిపడి తండ్రి వైపు చూశాడు. మావయ్యగారు తలూపారు.

"పోతానని నాకు ముందే తెలుసమ్మా. మా పెళ్ళైన కొత్తలో ఈవిడ వేళాకోళానికి ఓసారి నాకే పరీక్ష పెట్టింది. ఇస్త్రీపెట్టె పట్టుకుని పడిపోయింది. పాఠం చెప్పేవాణ్ణి నేనే, అయినా ఇలాగే పరిగెత్తాను. అప్పుడే అర్థమైంది, దీని విషయంలో నేను పనికిరానని. అందుకే మీ అందరికీ నేర్పించుకున్నాను. పక్కింటావిడకి, గ్యాసతనికి కూడా. ఆ సమయానికి ఎవరు దగ్గరుంటారో తెలీదు కదా. నేనున్నా లేనట్టేనాయె."

అత్తయ్య కట్టులేని చేత్తో ఆయన మోకాలి మీద ఒక్కటి చరిచింది. "ఇన్నేళ్ళూ నడుంనొప్పి అని నా మీద పెట్టారా?"

ఇంటికొచ్చాక అత్తయ్య తనే కత్తెర తెచ్చి, ఫ్యాను వైరు కత్తిరించి, ప్లగ్గుని మావయ్యగారి అరచేతిలో పెట్టింది. ఇంటివాడు ఈసారి వర్షాల కబుర్లు చెప్పకుండా ఆ స్విచ్చు పెట్టించాడు. ఎర్త్ సరిచూసి ఎలక్ట్రీషియను వెళ్ళగానే మిషను అట్టపెట్టె విప్పారు.

తొలి విడత బట్టలు వేసి కోడలు ఇటు తిరిగిందో లేదో, వెనక ధబ్బున చప్పుడు. చూస్తే మావయ్యగారు మిషను మీద చెయ్యేసి కళ్ళు తేలేసి ఉన్నారు. ప్లగ్గు పీకి ఉంది. అయినా కోడలు తాపీగా వెళ్ళి మెయిన్ ఆపింది. కర్ర తెచ్చి పక్కలో ఒక పోటు పొడిచింది.

"పాసయ్యానా?"

మావయ్యగారు ఇంకా వణుకుతూనే ఉన్నారు. ఇంతలో అత్తయ్య వచ్చి, కట్టున్న చేత్తోనే ఆయన భుజం పట్టుకుని కుదిపింది. "లేవండి, టీ చల్లారిపోతోంది."

వణుకు ఆగింది. ఒక కన్ను తెరుచుకుంది. అందరూ తీర్పు కోసం చూశారు.

"నువ్వు పాసు" అన్నారు మావయ్యగారు అత్తయ్యతో.

"ఇదెక్కడి న్యాయం మావయ్యగారూ?" అంది కోడలు, కర్ర మేకుకి తగిలిస్తూ.