గుట్టలు కనబడని కంప్యూటర్

ఆ రోజుల్లో జనగామలో దుకాణం నడపడమంటే షట్టరు ఎత్తడం, దించడమే. పొద్దున ఎత్తేవాణ్ణి, చౌరస్తా వైపు నుంచి నినాదాలు వినబడగానే దించేవాణ్ణి. ఒక్కోసారి వారంలో నాలుగు రోజులు బంద్. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మీద నాకు కోపం లేదు. నేనూ ర్యాలీల్లో నడిచినవాణ్ణే, గొంతు బొంగురుపోయేదాకా అరిచినవాణ్ణే. నా కోపమంతా ఆ షట్టరు మీద. దాని స్ప్రింగు ఎప్పుడో పాడైంది. ఎత్తిన ప్రతిసారీ నడుము పట్టేసేది. బాగు చేయించుకునేంత తీరిక, ఓపిక రెండూ ఉండేవి కావు.

దుకాణమంటే బస్టాండు పక్క సందులో ఒక నెట్ సెంటర్. ఆరు కంప్యూటర్లు. అయిదు ముసలివి, ఫ్యాన్ల చప్పుడు తప్ప వేరే పనితనం లేనివి. ఆరోది మాత్రం మంచిది. కాస్త బాగా నడిచిన కాలంలో ఆశపడి కొన్న ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అందులో ఉండేది. కాలేజీ పిల్లలు దాని మీదే ఆటలు ఆడేవాళ్లు. అది కాక, అడిగినవాళ్లకు హైదరాబాద్ నుంచి విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగించి ఇచ్చేవాణ్ణి. అందరికీ చవకవే కావాలి. ఎవరూ నన్ను మంచిది చెయ్యమని అడిగిన పాపాన పోలేదు.

అడిగినవాడు ఒక్కడే, మా మేనమామ. భూపాలపల్లిలో బొగ్గుబాయి పని. ఇరవై ఆరేళ్లుగా భూమిలోకి దిగుతున్నాడు. తరిగొప్పులలో ఎవరిదో పెళ్లికి వచ్చి, తిరిగి పోతుంటే జనగామలో బస్సులు ఆగిపోయాయి. సగం దించిన షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చి, నా ఎదురుగా కూర్చుని కాసేపు చేతులు చూసుకున్నాడు. పొద్దుపోవడానికని ఆరో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, లారీ నడిపే ఆట పెట్టిచ్చాను. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సరుకు చేరవెయ్యాలి, అంతే. కాల్చుకోవడాలు, చంపుకోవడాలు ఉండవు. పిల్లలకు దాని పేరు చెబితేనే ఆవలింత.

మామ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీ దిగలేదు. అన్నానికి పిలిస్తే చెయ్యి ఊపాడు. వాన పడుతుంటే అద్దం తుడుచుకునే మీట ఏదని మాత్రం అడిగాడు. బస్సులు కదిలాయని చెబితే అప్పుడు లేచి, తెర వైపు వేలు చూపించాడు.

"బాయిల బుగ్గ ఎంత దూరం కొడితె గంతే కనిపిస్తది అల్లుడా. పది అడుగులు. గిండ్ల సూడు, ఆ గుట్టలు ఎంత దూరమున్నయో. పోయినా పోయినా అట్లనే కనిపిస్తున్నయి."

బుగ్గ అంటే నెత్తి మీది టోపీకి ఉండే లైటు. తనకు అలాంటి కంప్యూటరే ఒకటి కావాలన్నాడు. అన్నిటికన్నా మంచిది. యాభై వేలు ఉన్నాయి, యాభై ఒకటో వెయ్యి లేదు. పెళ్లిపత్రిక వెనక నేను లిస్టు రాయడం మొదలుపెడితే పక్కన నిలబడి, చదవడం రాకపోయినా చివరిదాకా చూశాడు.

ఆ లిస్టు రాస్తున్నంతసేపు నాకు చాలా ఏళ్ల తర్వాత పని మీద ఇష్టం కలిగింది. ఆటల కంప్యూటర్‌కు ప్రాణం గ్రాఫిక్స్ కార్డే. తెర మీద బొమ్మ గీసేది అదే. డబ్బులో దగ్గర దగ్గర సగం దానికి పోవాలి. తర్వాత ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, మానిటర్, చవకరకం స్టీరింగ్ ఒకటి. డబ్బా అందంగా లేకపోయినా ఫరవాలేదు. నా ఆరో కంప్యూటర్‌లో ఉన్నదానికన్నా ఒక మెట్టు పై కార్డు రాసుకున్నాను. లెక్క సరిగ్గా సరిపోయింది.

సరుకు తేవడానికి హైదరాబాద్ పోదామని స్టేషన్‌కు పోతే, అవతల స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పట్టాల మీద జనం కూర్చున్నారు, బండి రాదు. నాలుగు గంటలు ప్లాట్‌ఫాం మీదే. ఎండాకాలం. కాసేపటికి కరెంటు కూడా పోయి ఫ్యాన్లు ఆగాయి. చెమట తుడుచుకుంటూ, ఆగిన ఫ్యాను రెక్కల వంక చూస్తుంటే, అంతకు ముందు వేసవిలో కాలిపోయిన ఫొటో స్టూడియో కంప్యూటర్ గుర్తొచ్చింది. నేను బిగించిందే. కరెంటు పోయి, వచ్చేటప్పుడు ఒక్కసారి ఎగదన్ని వచ్చింది. పెళ్లి ఫొటోలన్నీ అందులో ఉన్నాయి. స్టూడియో ఆయన, పెళ్లివాళ్లు కలిసి నా దుకాణం ముందు పెట్టిన పంచాయితీ సందులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

భయమేసింది. జేబులోంచి పెళ్లిపత్రిక తీసి, గ్రాఫిక్స్ కార్డు కొట్టేసి, మూడు మెట్లు కిందిది రాశాను. మిగిలిన డబ్బుకు పెద్ద బ్యాటరీల యూపీఎస్, దానికి తోడు స్టెబిలైజర్, లోపల గట్టి ఎస్ఎంపీఎస్ రాశాను. ఎస్ఎంపీఎస్ అంటే కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు పంచే పెట్టె. మామ యాభై వేలు ఒక్క మధ్యాహ్నం కరెంటుకు బూడిద కాకూడదు. అప్పుడు నాకు నేను ఎంతో తెలివైనవాడిలా, బాధ్యత తెలిసినవాడిలా కనబడ్డాను.

వారం తర్వాత హైదరాబాద్‌లో కొన్న డబ్బాలన్నీ మోసుకుని, వరంగల్‌లో బస్సు మారి, స్టెబిలైజర్ ఒళ్లో పెట్టుకుని భూపాలపల్లి చేరాను. కంపెనీ క్వార్టర్, రెండు గదులు. మధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రానికి బిగించాను. అత్తమ్మ యూపీఎస్ చుట్టూ ఒకసారి తిరిగి, ఇదెందుకని అడిగింది. కరెంటు పోయినా నడవడానికి అన్నాను.

"కాలనీల కరెంటు పోదు గద బిడ్డా," అంది ఆమె మామూలుగా. "నేనొచ్చినంక ఒక్కనాడన్న దీపం ముట్టియ్యలే."

చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టాను. బొగ్గు తీసేవాళ్ల ఇళ్లకు కంపెనీ కరెంటు రాత్రింబవళ్లు ఉంటుందని నాకు తెలియక కాదు. చిన్నప్పుడు వేసవి సెలవులకు ఆ ఫ్యాన్ల కోసమే అక్కడికి పోయేవాళ్లం. కానీ జనగామలో కంప్యూటర్ గురించి ఆలోచించే ఎవరైనా ముందు కరెంటు గురించి ఆలోచిస్తారు. అది మాకు ఒంటికి పట్టిన అలవాటు. ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది. అడగలేదు. ఉండనీ అత్తమ్మా, పనికొస్తది అన్నాను. కొన్న కార్డు హైదరాబాద్ దుకాణంవాడు తిరిగి తీసుకోడు.

ఆ కార్డుతో ఆట కదలాలంటే బొమ్మ నాణ్యత తగ్గించాలి. తగ్గించాను. దూరంగా ఉన్నవి గీయడం మానేస్తే కానీ లారీ సాఫీగా నడవలేదు. రోడ్డు, పక్కన కొన్ని చెట్లు, ఆ వెనక అంతా తెల్లటి పొగ. మామ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు. కాసేపు నడిపి ఆపాడు.

"గుట్టలు కనిపిస్తలేవేంది?"

ఆ ఒక్క క్షణం నిజం చెప్పి ఉండాల్సింది. బస్సు ప్రయాణంతో ఒళ్లు హూనమై ఉంది. తప్పు ఒప్పుకోవడానికి కూడా ఓపిక కావాలి. నోటికొచ్చింది అనేశాను.

"కొత్త తెర గద మామ, కండ్లకు అలవాటు గావాలె."

సరే అన్నాడు. నా మాట మీద ఆయనకు అంత నమ్మకం.

వానలు పోయాక సమ్మె వచ్చింది. ఆఫీసులు, బడులు, బస్సులు, బొగ్గుబాయిలు అన్నీ ఆగాయి. బొగ్గు ఆగడంతో కరెంటు మరీ కరువైంది. జనగామలో నా ఆరు కంప్యూటర్లూ రోజులో ఎక్కువ భాగం నల్లటి తెరలతో కూర్చునేవి, వాటి ముందు నేను. అప్పుడే మహబూబాబాద్‌లో మామ కూతురు తన కొడుక్కి పుట్టెంట్రుకలు తీయించింది. ప్యాసింజర్ దొరికితే ఎక్కి పోయాను. మామ ఒక మూల కుర్చీలో ఉన్నాడు. ముఖానికి లావు అద్దాల కళ్లజోడు. నన్ను చూసి లేవబోతూ, పక్కనున్న స్తంభాన్ని చేత్తో తడిమి పట్టుకున్నాడు.

విషయం అత్తమ్మ చెప్పింది. నాలుగు నెలల్లో ఇది రెండో కళ్లజోడట. వరంగల్‌లో డాక్టరు కళ్లు బాగానే ఉన్నాయి, వయసుకు తగ్గ చత్వారమే అన్నాడట. ఈయన నమ్మలేదు. డాక్టరు ఏదో దాస్తున్నాడని అనుమానం. సమ్మెకు ముందే కంపెనీలో దరఖాస్తు ఇచ్చాడట, చూపు ఆనడం లేదు, బాయి దిగలేను, పైపని ఇయ్యండి అని. పైపనికి జీతం తక్కువ. అంతకన్నా, అన్నేళ్లు కలిసి దిగిన జట్టు విడిపోతుంది. ఇగ పైన చీపురు పట్టి ఊడ్చే పనే గద బిడ్డా అని, కళ్లొత్తుకుంది. చూపు ఆనడం లేదని ఎట్లా తెలిసిందని అడిగాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది.

"రోజు ఆ కంప్యూటర్ ముంగట కూసుంటడు. గుట్టలు కనిపిస్తలేవంటడు."

అక్కడే, అందరి ముందే చెప్పేద్దామని మామ దగ్గరికి పోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, నువ్వు చెప్పినట్టే రోజూ కూసుంటున్న అల్లుడా, అలవాటైతలేదు అన్నాడు. తప్పు తనదే అయినట్టు అన్నాడు. చెప్పకుండానే చెయ్యి విడిపించుకున్నాను. సిగ్గు అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

జనగామ తిరిగొచ్చి, ఆరో కంప్యూటర్ విప్పి, నా కార్డు తీసి చొక్కాలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. బస్సుల్లేవు. వరంగల్ దాకా రైలు, అక్కడి నుంచి పరకాలకు జీపు, ఆ పైన రెండు ఆటోలు. భూపాలపల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది. రాష్ట్రమంతా కరెంటు లేకపోయినా ఆ క్వార్టర్‌లో పోలేదు. యూపీఎస్ మీద అత్తమ్మ చేతిగుడ్డ పరిచి, మంచినీళ్ల చెంబు పెట్టుకుంది.

పాత కార్డు తీసి, నాది బిగించాను. గట్టి ఎస్ఎంపీఎస్ ఉండబట్టి అది వెంటనే పనిచేసింది. నా జాగ్రత్త ఆ ఒక్కదానికి పనికొచ్చింది. తగ్గించిన నాణ్యతంతా తిరిగి పెంచి, లారీని రోడ్డు మీద నిలబెట్టి మామను పిలిచాను. వచ్చి కూర్చున్నాడు. పొగ లేదు. రోడ్డు చివర పచ్చని పొలాలు, వాటి వెనక గుట్టలు, ఆ వెనక ఇంకో వరస గుట్టలు.

ఆయన కళ్లజోడు తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"గియ్యి మొదటి నుంచి ఉన్నయా?"

ఉన్నాయన్నాను. అంతా చెప్పాను. ప్లాట్‌ఫాం మీద కొట్టేసిన లిస్టు, కరెంటు భయం, కళ్లకు అలవాటు కావాలన్న అబద్ధం, ఏదీ దాచలేదు. సమ్మె అయిపోగానే ఆఫీసుకు నేనే వచ్చి చెబుతాను, ఆ కాగితం వాపసు తీసుకుందాం అన్నాను. తిడతాడని చూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టాడు.

"సమ్మె ముంగట నెల దినాలు," అన్నాడు, "ముంగట నడిచేటోని భుజం మీద చెయ్యేసి నడిచిన అల్లుడా, బాయిల. గుడ్డోని లెక్క."

అత్తమ్మ రెండు చాయ్ గ్లాసులు తెచ్చి, చెంబు కాస్త జరిపి, యూపీఎస్ మీద పెట్టింది. మామ కళ్లజోడు మడిచి వాటి పక్కన పెట్టి, లారీ ముందుకు పోనిచ్చాడు.