యాభై దాటిన కాగితం

మొన్న ఎండాకాలంలో మా అమ్మాయి ఫోను నా ముఖం ముందు పెట్టి, "అమ్మా, నలభై రెండు. ఒంటికి మాత్రం నలభై ఎనిమిదిలా ఉంటుందట" అంది. ఫోను అలా రెండు అంకెలు చెబుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. "ఆ రెండోది ఎవరు చూసి రాస్తారే?" అన్నాను. "ఎవరూ చూడరమ్మా, లెక్కగట్టి వేస్తారు" అంది. చూడకుండా వేసిన అంకె ఎంత దూరం పోగలదో ఆ పిల్లకు ఎప్పుడైనా చెప్పాలి. చెప్పినా నమ్మదు. మా ఇంట్లో నా మాటకు సగం తరుగు తీసి వినడం అందరికీ అలవాటు. అందుకే ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఒక పెద్ద అబద్ధం ఉంది, కానీ అది నేను పన్నెండో ఏటనే ఆడేశాను. ఇప్పుడు కొత్తగా కలిపింది ఏమీ లేదు.

ఎనభైల మధ్యలో మేం దుబాయ్‌లో, నైఫ్ బజారు మీద ఒక మేడలో ఉండేవాళ్లం. మా బాపు ఒక బిల్డింగుల కంపెనీ ఆఫీసులో టైపిస్టు. బాపు తమ్ముడు, మా కాక, అదే కంపెనీకి జెబెల్ అలీలో ఇనుప చువ్వలు కట్టేవాడు. బాపు చెప్పబట్టే అతనికి వీసా వచ్చింది. శుక్రవారం వస్తే చాలు, కాక మా ఇంట్లో ఏసీ కింద తల పెట్టి అన్నానికి లేపేదాకా కదిలేవాడు కాదు. ఊళ్లో అతని ఇంటికి గోడలు లేచాయి, కప్పు పడాలి. "స్లాబు వేసేదాక నేను గిక్కడ్నే" అనేవాడు, ఆకాశానికీ తనకూ ఏదో పందెం ఉన్నట్టు. ఎండ మాట అడగకండి. మా మేడ మీద చొక్కా ఆరేస్తే రెండో చేతికి క్లిప్పు పెట్టే లోపు మొదటి చెయ్యి ఎండిపోయేది. సరే, ఇందులో కొంచెం తరుగు తీసుకోండి.

మా బడిలో సైన్సు చెప్పే మాస్టారిది రాజమండ్రి దగ్గర పల్లె. క్లాసులో ఇంగ్లీషే మాట్లాడినా, తెలుగు పిల్లలం ఎదురైతే ఆయన గొంతు గోదావరి దాటేది. చంకలో ఎప్పుడూ రేడియో, టేపు కలిసిన ఒక టూ-ఇన్-వన్ ఉండేది. దాన్ని పాటలకు వాడగా ఎవరూ చూడలేదు. ఒకరోజు ఊరి మధ్య క్రీకు పాయలో నడిచే అబ్రా పడవ ఇంజను చప్పుడు టేపు చేసి తెచ్చి, నిమిషానికి ఎన్ని దెబ్బలు కొడుతుందో లెక్కపెట్టమన్నారు. ఇంకోరోజు క్లాసు మొత్తాన్ని ఐసు దుకాణం ముందు నిలబెట్టి, కరుగుతున్న దిమ్మను పావుగంటకోసారి తూయించారు. మిగతా మాస్టర్లు ఆయన్ని చూసి తలుపులు మూసుకునేవారు. ఆయన మాత్రం ఏ కొత్త పని మొదలుపెట్టినా ముందు ఒకే మాట చెప్పేవారు: "చూడని అంకె రాయకూడదమ్మా. తప్పుగా చూస్తే దిద్దుకోవచ్చు. అసలు చూడకపోతే దిద్దడానికేముంటుంది?"

ఆ ఏడు సెలవులకు ముందు ఆయన ఎండ మీద పడ్డారు. రోజూ రేడియోలో వచ్చే వాతావరణం టేపు చేసుకొస్తారు, మేం మా మా చోట్ల ధర్మామీటరు పెట్టి మధ్యాహ్నం రెండింటికి చూసి రాయాలి. రేడియోది నీలం గీత, మాది ఎర్ర గీత. "మనుషులు పనిచేసే చోట ఎవరైనా చూడగలరా?" అని అడిగారు. నా చెయ్యి నాకంటే ముందు లేచింది. "మా కాక జెబెల్ అలీలో పెద్ద ఇంజనీరండీ" అన్నాను. మాస్టారు మురిసిపోయి, ఉన్న మూడింటిలో మంచి ధర్మామీటరు తీసి అట్టపెట్టెలో పెట్టి నాకిచ్చారు, కాకకు అందజేయమని.

అది కాకదాకా పోలేదు. అబద్ధం చెబితే పాదరసం పైకెక్కుతుందని మా మేడలో పిల్లలందరినీ నమ్మించి, మెట్ల మీద కోర్టు కచేరీ పెట్టి, సాక్షుల చంకలో దాన్ని పెట్టాను. మూడో సాక్షి చంకలోంచి అది జారి పగిలింది. పాదరసం గుండ్లు గుండ్లుగా దొర్లి లిఫ్టు సందులోకి పోయింది. గాజు ముక్కలు చెత్తడబ్బాలో పడేశాను. మాస్టారికి చెప్పే ధైర్యం లేదు. మర్నాటి నుంచి జెబెల్ అలీ ఎండ నా బుర్రలోనే కాసింది.

పని చాలా సులువు. రేడియో నలభై నాలుగు అంటే నేను నలభై ఆరు రాసేదాన్ని. నలభై ఐదు అంటే నలభై ఎనిమిది. ఎప్పుడూ ఒకే తేడా ఉంటే పట్టుబడతానని, మధ్యమధ్య ఒక అర డిగ్రీ తగ్గించేదాన్ని కూడా. ఆ అర డిగ్రీ చూసి మాస్టారు పొంగిపోయారు. "చూశారా, గాలి మళ్లినట్టుంది ఆరోజు" అని క్లాసుకు నా గాలి గురించి పాఠం చెప్పారు. మూడో వారం రేడియో వరసగా నలభై తొమ్మిది చెప్పింది. ఒకే గొంతు, ఒకే అంకె, మూడు రోజులు. టేపు ఆపేసి మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. నా కాగితం మీద యాభై ఒకటి, యాభై ఒకటిన్నర, యాభై రెండు ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. యాభై దాటితే పని బంద్ అని సర్కారు హుకుం ఉందని అప్పట్లో కూలీలుండే క్యాంపుల్లో గట్టి నమ్మకం. ఆ హుకుం కళ్లతో చూసినవాడు ఒక్కడూ లేడు. అందుకే రేడియో నలభై తొమ్మిది దగ్గర ఆగిపోతుందనీ, అంతకంటే ముందుకు పోవడానికి దానికి ఇజాజత్ లేదనీ అనుకునేవారు. అది నాకు తెలియదు. మాస్టారికీ తెలియదు. ఆయన సెలవులకు ముందు మా గ్రాఫు కాగితాలన్నీ తీసుకుని, పిల్లలు సంతోషిస్తారని ఒక్కొక్క దాని మీద బడి ముద్ర కొట్టి ఇచ్చారు. గుండ్రటి ముద్ర, చుట్టూ అరబ్బీ అక్షరాలు.

ఆ శుక్రవారం కాక ఏసీ కింద పడుకుని నా కాగితం చూశాడు. చూస్తూనే లేచి కూర్చున్నాడు.

"గీ ఎర్రగీత ఏందే బిడ్డా?"

"జెబెల్ అలీ ఎండ, కాకా."

"యాభై రెండా? ఎవలు సూసిండ్రు?"

నిజం చెప్పడానికి అది మంచి అదను. నేను చెప్పింది ఇది: "మా మాస్టరు. మిషన్ పెట్టి సూసిండు."

కాక ముద్రను వేలితో తడిమాడు. "మొహరున్నది. అరబ్బీల ఉన్నది. అన్నా, గిది బలదియా సర్కారు కాయితం లెక్కనే ఉన్నది సూడు."

బాపు అన్నం తింటున్నాడు, తల ఎత్తకుండానే అన్నాడు. "పోరి ఇస్కూలు కాయితంరా అది."

"ఇస్కూలుకు మొహర్ ఊకెనే ఇస్తరా?" అన్నాడు కాక. గల్ఫ్‌లో నాలుగు రోజులున్న వాడెవడైనా ఆ మాటే అంటాడు. అక్కడ మనిషి రావాలన్నా, ఉండాలన్నా, పోవాలన్నా ఒక గుండ్రటి మొహర్ కావాలి. దాని లోపల ఏం రాసి ఉందో చదివే పని పైవాళ్లది, తలవంచే పని కిందవాళ్లది. కాగితాన్ని అడ్డంగా మడిచి జేబులో పెట్టుకుని కాక సాయంత్రం కంపెనీ బస్సెక్కాడు. నేను అడ్డుపడలేదు. నా అబద్ధాన్ని అంత గౌరవంగా ఎవరూ మడిచి పెట్టుకోలేదు అప్పటిదాకా. నాకు గర్వంగానే ఉంది.

శనివారం మధ్యాహ్నం జెబెల్ అలీలో వాళ్ల గ్యాంగు మొత్తం పని ఆపి, పేర్చిన చెక్కల పక్కన ఉన్న మూరెడు నీడలో కూర్చుంది. ఫోర్మన్ వచ్చి "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు. ఎవరూ లేవలేదు. రెండోసారి "కిస్నే బోలా?" అని అరిచాడు, ఎవడు చెప్పాడని. కాక లేచి కాగితం విప్పి చూపించాడు. గంట తర్వాత తెల్ల కారులో ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, వచ్చాడు. ముద్రలోని అరబ్బీ చదివాడు. నవ్వాడట. కేకలు వేసి ఉంటే బాగుండేదని కాక చాలా ఏళ్ల తర్వాత కూడా అనేవాడు. "ఇది పిల్లల బడి కాగితం" అని హిందీలో అందరికీ చెప్పి, దాన్ని మళ్లీ అదే మడతల్లో మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. అందరూ లేచి పనిలోకి పోయారు. కాక ఒక్కడి బతాకా కార్డు నంబరు రాసుకుని కారు వెళ్లిపోయింది.

సాయంత్రం బాపు ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ నీళ్లిస్తే పక్కన పెట్టాడు.

"ఇయ్యాల నా తమ్ముని క్యాన్సిల్ కాయితం నాతోనే టైపు చేపిచ్చిండ్రు" అన్నాడు. "స్పెల్లింగు తప్పు వోతదేమోనని రెండుసార్లు సూస్కున్న. రేపు పొద్దుగాల ముదీర్ దస్కతు పెడ్తడు. ఖలాస్."

క్యాన్సిల్ అంటే వీసా రద్దు, మొదటి విమానం, మళ్లీ ఆ గడప తొక్కనివ్వరు. బాపు అలాంటి కాగితాలు రోజూ టైపు చేసేవాడే. ఆరోజు మాత్రం తన వేళ్లను తానే ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. నేను అక్కడికక్కడే అంతా చెప్పేశాను: మెట్లు, చంక, లిఫ్టు సందు, నా బుర్రలోని ఎండ. అమ్మ కొట్టడానికి లేచింది. బాపు కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని కిందికి దింపి, అబ్రాలో క్రీకు దాటించి బర్ దుబాయ్‌లో మాస్టారి గదికి తీసుకెళ్లాడు. మామూలుగా ఆ పడవలో నేను కూర్చోను, వాగుతూ నిలబడతాను. ఆరోజు ఇంజను దెబ్బలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఎన్నో గుర్తులేదు.

మాస్టారు పూర్తిగా విన్నారు. టేబులు మీద నా మూడు వారాల అంకెలతో ఆయన ఏదో వ్యాసం రాసుకుంటున్నారు. ఆ కాగితాల్ని నెమ్మదిగా బోర్లించారు.

"ఆ అర డిగ్రీ కూడానా అమ్మా?"

తల ఊపాను. ఆయన ముఖంలో కోపం కోసం వెతికాను, ఉంటే బాగుండునని. "పొద్దున్నే ముదీర్ దగ్గరికి వెళ్దామండీ" అన్నారు బాపుతో. "ఈ పిల్లే చెప్పాలి నిజం. నేను పక్కనుంటాను."

ముదీర్ గదిలో చలికి పళ్లు కొట్టుకున్నాయి. అంత చలి నేను ఆ దేశంలో ఎప్పుడూ ఎరగను. టేబులు మీద బాపు టైపు చేసిన కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను. పక్కన నా గ్రాఫు. కాకను అప్పటికే పిలిపించారు. కంపెనీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని గోడకు ఆనకుండా నిలబడ్డాడు. నేను నోరు తెరిచేలోపే ముదీర్ గ్రాఫు మీద వేలు పెట్టి హిందీలో కాకను అడిగాడు, ఈ అంకె చూసిందెవరని.

కాక నాకేసి చూడలేదు. "మాస్టర్ సాబ్ నే దేఖా, సాబ్. మిషన్ లగాకే."

"అబద్ధమైతే?" అన్నాడు ముదీర్. "దొంగ కాగితంతో నా పని ఆపించావని తేలితే, దీని మీద ఇప్పుడే సంతకం పెడతాను. నిజమైతే నువ్వు చదువురానివాడివి, ఏదో చూసి ఏదో అనుకున్నావని వదిలేస్తాను." తర్వాత కుర్చీ తిప్పి మాస్టారి వైపు చూశాడు. "చెప్పండి మాస్టర్‌జీ. మీరు చూశారా?"

నా నోట్లో నిజం సిద్ధంగా ఉంది. దారంతా వల్లె వేసుకొచ్చాను. కానీ దాన్ని బయటికి తీస్తే ఆ పెన్ను కదులుతుంది. అది అర్థమయ్యేంత వయసు నాకుంది. మాస్టారి వైపు చూశాను. ఆయన నన్ను చూశారు, కాకను చూశారు. జేబులోని పెన్నులు ఒకసారి సర్దుకున్నారు.

"అవునండీ" అన్నారు, తెలుగులోనే. తర్వాత హిందీలో. "నేనే చూశాను. గురువారం, రెండు గంటలకి. ముద్ర కూడా నేనే వేశాను."

ముదీర్ పెన్నుకు మూత పెట్టాడు. క్యాన్సిల్ కాగితం సొరుగులో పెట్టాడు, చింపలేదు. నా గ్రాఫును మాత్రం ఒక కవరులో పెట్టి, బాపుకిచ్చి, కవరు మీద మా బడి పేరు టైపు చేయమన్నాడు. అంతే. మమ్మల్ని వెళ్లమన్నాడు. లిఫ్టులో కాక మాస్టారి రెండు చేతులూ పట్టుకుని, "మీ మిషన్ సల్లగుండ, సారూ" అన్నాడు. మాస్టారు లిఫ్టు అంకెలు దిగడం చూస్తున్నారు. కాకకు నిజం అప్పుడు మాలో ఎవరమూ చెప్పలేదు.

పది రోజులకు బడివాళ్లు మాస్టారి వీసా మళ్లీ పొడిగించడం లేదని చెప్పారు. కారణం అడిగితే బడి ముద్ర వాడిన తీరు బాగాలేదన్నారట. వెళ్లేముందు ఆయన బాపును ఒక్క కోరిక కోరారు, జెబెల్ అలీ చూపించమని. బాపు ఎవరి పికప్పో అడిగి తెచ్చాడు. నేనూ ఎక్కాను. ఆ శుక్రవారం ఓవర్‌టైము ఉంది, కాక వాళ్లు చువ్వల మీద వంగి ఉన్నారు. మాస్టారు అట్టపెట్టె తెరిచి ఇంకో ధర్మామీటరు తీసి చుట్టూ చూశారు.

"నీడలో పెట్టాలి. ఇక్కడ నీడ ఎక్కడుందండీ?"

కాక నవ్వాడు. "నీడుంటే మేమే నిలవడ్తుంటిమి సారూ. గా గాజుపుల్లకు జాగేడిది?"

మాస్టారు కాసేపు ఆలోచించి, కాక పనిచేసే చోటే, అతని ఛాతీ ఎత్తున ఒక చువ్వకు దాన్ని దారంతో కట్టారు. పాదరసం నిలబడేదాకా ఆగాలన్నారు. నిలబడ్డాం. చువ్వల మీద వైరు మెలిపెట్టే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత ఆయన ముఖం దగ్గరగా పెట్టి చూశారు. చూసి, ఇంకోసారి చూశారు. చిన్న కాగితం మీద రాసి, మడిచి, పెన్నుల వెనక పెట్టుకున్నారు.

"ఎంత మాస్టారూ?" అన్నాను.

"చెప్పాల్సిందేదో అక్కడ చెప్పేశాను కదమ్మా" అన్నారు. "ఇది నాకోసం చూసుకున్నాను."

కాక ఇంకో ఆరేళ్లు అక్కడే ఉన్నాడు. స్లాబు పడింది. మాస్టారు ఆ తర్వాత ఎక్కడ చెప్పారో, అసలు చెప్పారో లేదో తెలియదు. నేను రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు రాలేదు. ఆ కాగితం మీది అంకె నా యాభై రెండుకు పైనో కిందో నాకు ఈనాటికీ తెలియదు. ఏ కథకు ఎంత అంకె కావాలన్నా చిటికెలో వేయగలదాన్ని, అక్కడ మాత్రం ఒక్కసారి కూడా వేయలేదు. నలభై ఏళ్లు ఎప్పుడు గడిచాయో తెలియకుండా గడిచిపోయాయి గానీ, ఆ చువ్వ పక్కన పాదరసం నిలబడాలని నిలబడ్డ ఆ కొద్దిసేపు మాత్రం నాకింకా గడవలేదు.