షెడ్డు వెనక నిలబెట్టించిన బండి

ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మ చివరి రోజుల్లో ఆవిడ మంచం పక్కనే కూర్చున్నాను, ఆవిడకూ చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా దీన్నొక్కదాన్నీ వదిలేసి మిగతావన్నీ చెప్పుకునేదాన్ని. ఎన్నో ఏళ్ళుగా మోస్తున్నాను. మోయగా మోయగా అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అందుకే ఇప్పటికైనా నోరు పెగిలిందేమో.

మాది కాకినాడ. విశాఖలో ఓడరేవు కంప్యూటర్ల పని నేర్చుకుని, దక్షిణాఫ్రికాలో అందరూ ఓటు వేసిన మొదటి ఎన్నికలు జరిగిన కొన్నాళ్ళకే డర్బన్ వచ్చాను. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. ఆఫీసుల్లో 'తెల్లవాళ్ళకు మాత్రమే' అన్న పాత బోర్డులు దించుతున్న రోజులవి. ప్రతి పనీ కొత్తగా మొదలవుతున్నట్టు ఉండేది. నాది కూడా అలాంటి పనే. డర్బన్ రేవులో దిగిన సరుకు లారీలో పక్క దేశం స్వాజీలాండ్ చేరాలంటే సరిహద్దులో కట్టలకొద్దీ కాగితాలు చూపించాలి, ప్రతి కాగితానికీ ఇటొక స్టాంపు, అటొక స్టాంపు పడాలి. ఆ వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, లారీ గేటు చేరేలోపే రెండు వైపుల అధికారులూ చూసుకునేలా చేద్దామని రెండు ప్రభుత్వాలూ అనుకున్నాయి. ముందుగా ఉత్తరాన ఒక చిన్న చెక్‌పోస్టులో చేసి చూడమన్నారు. ఆ పని నా చేతికొచ్చింది.

అక్కడి గుమాస్తా ముజి. జూలూ మనిషి, నా ఈడువాడే. నవ్వితే భుజాలు కూడా నవ్వేవి. నేను వెళ్ళిన ప్రతిసారీ ఒక కొత్త జూలూ మాట నేర్పి, నేను పలికే తీరుకు తనే పడీపడీ నవ్వేవాడు. పాత రోజుల్లో అతని తండ్రి అదే గేటు దగ్గర అనుమతి కాగితం పట్టుకుని, లోపలివాళ్ళు పిలిచేదాకా ఎండలో నిలబడేవాడట. అందుకే ఈ కొత్త పద్ధతి మీద నాకంటే అతనికే ఆశ ఎక్కువ.

రెండు దేశాల పెద్దలు వచ్చి చూసే రోజు రానే వచ్చింది. ఫిబ్రవరి, అక్కడ మంచి ఎండాకాలం. టెంటు వేశారు, వంటవాళ్ళను పిలిపించారు. పొద్దున్నే నేను బల్లల మీది స్టాంపులూ సిరా పెట్టెలూ సొరుగులో పెట్టించి తాళం వేయించాను. వచ్చినవాళ్ళకు కాగితం కనపడకూడదని పైనుంచి మాట. కనపడకూడదు అన్నది పైవాళ్ళు. తాళం వేయించాలని తోచింది నాకు.

పెద్దల కార్లు ఇంకా దారిలో ఉండగా ఒక బక్కీ వచ్చి ఆగింది. వెనక భాగం తెరిచి ఉండే చిన్న వ్యానును అక్కడ అలా అంటారు. అందులో దుప్పటి కప్పిన శవపేటిక. దాని మీద చెయ్యి వేసి ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. డర్బన్‌కు ఉత్తరాన షాకాస్‌క్రాల్ దగ్గర చెరకు కొట్టే పనికొచ్చిన కొడుకు చనిపోతే, స్వాజీలాండ్‌లోని సొంత ఊరికి తీసుకెళ్తోంది. ఆ సాయంత్రానికల్లా ఇల్లు చేరాలి. చుట్టాలంతా చివరిచూపు చూసుకోవాలి, తెల్లవారుతూనే మట్టి చేయాలి. మరణ పత్రం ఉంది, శవాన్ని దాటించడానికి అనుమతి పత్రం ఉంది. రెండింటి మీదా స్టాంపు పడితే చాలు.

మా కంప్యూటర్లో సిమెంటు ఉంది, పళ్ళున్నాయి, పశువులు కూడా ఉన్నాయి. చనిపోయిన మనిషి లేడు. ఆ భాగం తర్వాత చూద్దామని వదిలేశాం. వదిలేద్దామన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ముజి నా దగ్గరికి వచ్చాడు.

"సిస్టర్, తాళంచెవి ఇవ్వు. ఒక్క నిమిషం పని."

"వాళ్ళు వచ్చేస్తున్నారు ముజీ. రాగానే శవపేటికా స్టాంపులూ కనపడితే ఏం బాగుంటుంది? బండిని షెడ్డు వెనక పెట్టించు. వాళ్ళు వెళ్ళగానే పంపించేద్దాం."

"ఆ తల్లికి ఏం చెప్పను?"

అక్కడ ఆగి ఉండొచ్చు. ఆ ప్రశ్న నన్ను ఆపడానికే అడిగాడని నాకు ఆ క్షణంలోనే తెలుసు. అయినా తడుముకోకుండా జవాబిచ్చాను.

"వాళ్ళబ్బాయి కాగితాలు కంప్యూటర్ చూస్తోందని చెప్పు. రెండు దేశాల్లోనూ పేరు ఎక్కుతోంది, అందుకే ఆలస్యమని చెప్పు."

ముజి నా ముఖంలోకి చూశాడు. తర్వాత బండి దగ్గరికి వెళ్ళి చెప్పాడు. అతని జూలూ, ఆవిడ స్వాజీ అక్కాచెల్లెళ్ళలాంటి భాషలు, ఒకరిది ఒకరికి అర్థమవుతుంది. ఆవిడ ఏదో అడిగింది. ముజి నా వైపు తిరిగాడు.

"ఇన్నేళ్ళు పనిచేసినా ఇక్కడ ఎవరూ అతని పేరు సరిగ్గా రాయలేదట. మీ యంత్రమైనా సరిగ్గా రాస్తుందా అని అడుగుతోంది."

"రాస్తుందని చెప్పు."

చెప్పాడు. ఆవిడ బండి దిగి, మోకాళ్ళు కొంచెం వంచి, రెండు చేతులూ దగ్గరగా చేర్చి నాకు కృతజ్ఞత చెప్పుకుంది. నేను తల ఊపాను. ఆ కాగితం ఒకసారి చేతిలోకి తీసుకుని చూడనైనా చూడలేదు. ఆ అబ్బాయి పేరేమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు.

పెద్దలు ఆలస్యంగా వచ్చారు. ఉపన్యాసాలిచ్చారు. నేను మీట నొక్కగానే పళ్ళ లారీకి అడ్డుకర్ర లేచింది, అందరూ చప్పట్లు కొట్టారు. భోజనాలు సాగాయి. పొద్దున షెడ్డు వెనక నీడ ఉండేది, మధ్యాహ్నానికి పోయింది. టెంటు కింద కూర్చుని తింటున్న నాకు ఆ మూల కనపడుతూనే ఉంది. ఆవిడ తన పైగుడ్డ తీసి పేటిక మీద కప్పింది.

సాయంత్రం అతిథులు కదిలాక సొరుగు తెరిపించాను. ముజి స్టాంపు వేశాడు. కానీ అవతలి వైపు శవాల కాగితాలు చూడాల్సిన అధికారి అతిథులతోనే వెళ్ళిపోయాడు. గేటు మూసేవేళ అయింది. నేను డర్బన్ కారెక్కుతుంటే ఆ బండి రెండు గేట్ల మధ్య ఆగి ఉంది. ఎలాగో వదిలేస్తార్లే అనుకున్నాను. దిగి కనుక్కోలేదు. మర్నాడు పొద్దుటిదాకా వదల్లేదట.

కొన్ని వారాల తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు ముజి చెప్పాడు. ఇంటికి చేరాక పేటిక తెరవలేదట. తెరిచే స్థితి దాటిపోయింది. ఇటువైపు మూసిన పేటికనే ఆవిడ చేతికి ఇచ్చారు, ఇంటి దగ్గర చూసుకోవచ్చన్నారు. కొడుకు ముఖం చూడకుండానే ఆ తల్లి మట్టి వేసింది.

"నువ్వు నాకు ఇంగ్లీషులో చెప్పావు సిస్టర్," అన్నాడు ముజి. "ఆమెకు ఆమె మాటల్లో చెప్పింది నేను."

ఆ తర్వాత నాకు జూలూ మాటలు నేర్పలేదు. ఆ ఏడాదే ఉద్యోగం మానేశాడు. ఎందుకని నేను అడగలేదు, అడగాల్సిన అవసరం లేదు కనుక.

అప్పట్లో డర్బన్ శివారు సిడెన్‌హామ్‌లో రూబీ ఆంటీ ఇంట్లో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. ఆవిడ ముత్తాతలు మన తీరం నుంచి చెరకు తోటలకు వచ్చినవాళ్ళు. ఆవిడ దాకా వచ్చేసరికి తెలుగులో కూడూ నీళ్ళూ తిట్లూ మాత్రమే మిగిలాయి. "ఏమ్మీ, కూడు తినలే? యూ సిక్ ఆర్ వాట్? సండే నాతో కమ్, లార్డ్‌కి చెప్పు," అని తను వెళ్ళే పెంతెకొస్తు ప్రార్థనకు తీసుకెళ్ళింది. అక్కడ ఎవరి తప్పు వాళ్ళు లేచి అందరి ముందూ చెప్పుకుంటారు. నేనూ లేచాను. నోరు తెరిచాను. మా అమ్మకు ఫోన్లో చిన్న అబద్ధం చెప్పానని చెప్పి కూర్చున్నాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆంటీ నా వీపు నిమిరింది. ఆ చెయ్యి పడ్డచోట ఒళ్ళు ముడుచుకుపోయింది.

ఎందుకు చేశాను? నా పని బాగుందని నలుగురూ అనాలని. అంతే. ఇంకా లోతైన కారణం ఉందేమోనని ఏళ్ళతరబడి వెతికాను, దొరకలేదు. బండిని దాచమని నాకెవరైనా చెప్పారా? లేదు. ఆ పెద్దమనుషులకు చెప్పి ఉంటే లేచి నిలబడి, తలలు వంచి, ఆ తల్లికి దారి ఇచ్చేవాళ్ళేమో. వాళ్ళు అంతపాటి మనుషులు కారని నేనెలా అనుకున్నాను? అడిగి చూడందే వాళ్ళ తరఫున నేనే రాయినైపోయాను.

వదిలేసిన ఆ భాగాన్ని తర్వాత నేనే కూర్చుని పూర్తి చేశాను. చనిపోయినవాళ్ళు ఇప్పుడు ఆ గేటు దగ్గర ఆగరు. అదే నా ప్రాయశ్చిత్తమని కొన్నాళ్ళు సరిపెట్టుకున్నాను. కానీ దాని వల్ల మేలు పొందినవాళ్ళలో ఆవిడ లేదు.

ఆవిడను వెతకొచ్చు. వెతికి ఏం చెప్పాలి? మీ అబ్బాయి పేరు ఏ యంత్రంలోనూ ఎక్కలేదు, మీకు చెప్పింది అబద్ధం అనా? బతికి ఉంటే ఆ ఒక్కమాటైనా నిజమని ఇంకా అనుకుంటోందేమో. అది కూడా లాక్కోవడం ఎందుకని మానుకున్నానా, లేక ఆవిడ ఎదుట నిలబడలేకనా? నిలబడలేకే.

మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఆ బండిని నేను ఆపాను. ఆ తల్లికి ఇంకొకరి నోటితో అబద్ధం నేను చెప్పించాను. 'నేను' అన్న మాట పెట్టి ఈ రెండు వాక్యాలు ఇంతకుముందు ఎప్పుడూ రాయలేదు. రాసి, కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఏడుపు రాలేదు. చాలాకాలానికి ఊపిరి నిండా ఆడింది.