నవ్వితే పోతుందన్న జబ్బు

ఒత్తిడి తగ్గించుకోవడం నేర్పుతామని పోలీసులమైన మమ్మల్ని సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాలుకు పిలిచారు. పది గంటలకని చెప్పి, మా డిపార్టుమెంటు పెద్దసారు పన్నెండున్నరకు వచ్చాడు. అప్పటిదాకా ఎండలో ఆయన కోసం బందోబస్తు కాసింది మేమే.

నా పక్కన కూర్చున్న హెడ్ కానిస్టేబుల్ నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అనేవాణ్ణి. కోదాడ రోడ్డు మీద ప్రమాదం జరిగితే శవాలు ఎత్తేదీ, ఇంటివాళ్లకు ఫోన్ చేసేదీ ఆయనే. నెల కిందట మోతె దగ్గర మిర్చి కూలీల ఆటోను లారీ గుద్దింది. చనిపోయిన చిన్నపిల్లను ఆయనే బయటికి తీశాడు. అప్పటినుంచి అన్నం ముందు కూర్చుని చేతులు వాసన చూసుకుంటున్నాడు.

వేదిక మీద కోటు వేసుకున్న వక్త మా అందరిచేతా చేతులెత్తించి గట్టిగా నవ్వించాడు. రోజూ అద్దంలో చూసుకుని నవ్వితే దిగులు పోతుందట. ఈ ముక్క చెప్పడానికి కారులో అంత దూరం నుంచి వచ్చాడు మహానుభావుడు.

ప్రశ్నలున్నాయా అంటే అన్న లేచాడు.

"సార్, నెల రోజులసంది నిద్ర వడ్తలేదు. కండ్లు మూస్తే ఆ పిల్లనే కనవడ్తది. ఏం జెయ్యాలె?"

వక్త నోరు తెరిచేలోపే పెద్దసారు మైకు లాక్కున్నాడు.

"నిద్ర పడ్తలేదా? మంచిదే కదా, రోజూ నైట్ డ్యూటీ వేస్తా."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నామీద నాకు కలిగిన అసహ్యం సారు మీద కలిగినదానికంటే తక్కువేమీ కాదు.

మర్నాటినుంచి స్టేషన్లో అన్న పేరు 'మెంటల్ సాబ్'. పదిరోజులకు నడిగూడెం దగ్గర కాలువ కట్ట మీదినుంచి నాకు ఫోన్ చేశాడు.

"జర వస్తవా తమ్మీ? గీడ ఒక్కణ్నే ఉంటే భయమైతంది."

వెళ్లేసరికి నీళ్లవంక చూస్తూ కూర్చుని ఉన్నాడు. బండెక్కించుకుని మిర్యాలగూడలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె గంటసేపు విన్నది.

"ఇది పిరికితనం గాదు, జబ్బు. మందులున్నయి, తగ్గుతది," అన్నది.

పాతికేళ్ల సర్వీసులో ఆయనకు ఆ మాట చెప్పిన మొదటి మనిషి ఆమె. సెలవు చీటీలో మాత్రం నడుంనొప్పి అని రాశాం. ఉన్నది ఉన్నట్టు రాస్తే పెద్దసారు మళ్లీ జోకు వేసేవాడు.

మూడు నెలలకు అన్నకు నిద్ర పట్టింది. డ్యూటీలో చేరాడు. పెద్దసారు ప్రమోషన్ మీద వెళ్తుంటే సన్మానం పెట్టారు. నేను పోలేదు. అన్న పోయి శాలువా కప్పి వచ్చాడు.

"ఎందుకు పోయినవన్నా?" అన్నాను కోపంగా.

"నన్ను జూసి ఏమంటడో జూద్దామని పోయిన. నేనెవరో ఆయనకు యాదికే లేదు తమ్మీ," అన్నాడు.