మోటారు కాలికి నా భుజం

కిమ్ అనే ఊరి దగ్గర లారీ ప్రమాదంలో మా ఆయన కుడికాలు మోకాలి పైనుంచి పోయింది. మరమగ్గాల కార్ఖానాలో సాంచెలు నడిపిన మనిషి, రెండేళ్లు కూర్చుని నూలు కండెలు చుట్టాడు. కరోనాకు కొంచెం ముందు ఒక కంపెనీ వాళ్లు మోటారు కాలు ఇచ్చారు. అమ్మకం కాదు, పరీక్షకట. ఊరికే ఎవరైనా కాలు ఇస్తారా? నాకు అక్కడే అనుమానం పట్టుకుంది.

బిగించడానికి వచ్చిన ఇంజనీరు గుంటూరు వైపు పిల్లవాడు. "ఇది మనిషి నడకని నేర్చుకుంటుందక్కా. ఆయన వేసే బరువును బట్టి ఎంత తోయాలో తనే సర్దుకుంటుంది" అన్నాడు.

"ఇనుము నేర్సుకునుడేంది తమ్ముడూ?" అన్నాను.

"నీకంటే నయమేనే, చెప్తే వింటది" అన్నాడు మా ఆయన.

అతను వెళ్లిన వారానికే లాక్‌డౌన్. బతుకుదెరువుకు వచ్చిన సలాబత్‌పురాలో మాది ఒక్క గది. మూలన ఛార్జింగ్‌కు పెడితే దాని పచ్చలైటు నన్నే చూస్తున్నట్టుండేది. గుడ్డ కప్పేదాన్ని. మా మాటలు ఎక్కడికి మోస్తుందోనని దాని ముందు ఇంటి సంగతులే ఎత్తేదాన్ని కాదు. ఆయన నడుస్తుంటే ఆ కాలు ఎప్పుడు మడత పడుతుందోనని కుడి చంక కింద నా భుజం పెట్టేదాన్ని. ఆయన వద్దన్నా నేను వినలేదు. గదిలో, బయట గ్యాలరీలో, రెండు పూటలా అలాగే.

సాంచెలు తెరుస్తున్నారని కబురొచ్చింది. కార్ఖానా యజమాని శేఠ్ ఒకటే మాట అన్నాడు: సోమవారం వచ్చి, సాంచెల మధ్య సందులో దేన్నీ పట్టుకోకుండా చివరిదాకా నడిస్తే పని, లేకపోతే ఇంకొకరికి.

ఆ పూటే మా ఆయన గ్యాలరీలో ఒక్కడే నడుస్తానన్నాడు. మూడో అడుగుకు కాలు కొంచెం తోసి ఊరుకుంది. పోయి గోడకు కొట్టుకున్నాడు.

ఇంజనీరుకు ఫోన్ చేశాను. "ఆడ కూసుండి బలం తగ్గిచ్చినవా? వాపసు గుంజుకునేటందుకేనా?"

"నేను ముట్టుకోలేదక్కా. ఇన్ని రోజులు ఆయన ఎలా నడిచారు?"

చెప్పాను.

"ఆయన బరువు సగం మీరే మోశారక్కా. ఆయన బరువే అంత అని అది నేర్చుకుంది. గోడ పక్కన నడవనివ్వండి. మీరు మాత్రం పట్టుకోవద్దు, అది మళ్లీ నేర్చుకుంటుంది."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా ఆయన గోడకు ఆనుకుని అంతా విన్నాడు. "ఇగ జర దూరం జరుగుతవా?" అన్నాడు.

సోమవారానికి నాలుగు రోజులు. గ్యాలరీ చివర చేతులు కొంగులో చుట్టుకుని నిలబడ్డాను. మొదటి రోజు రెండుసార్లు పడ్డాడు. నేను దగ్గరికి పోలేదు. మూడో రోజుకు మోటారు చప్పుడు మారింది, అడుగు సాగింది.

సోమవారం కార్ఖానా గుమ్మం దగ్గరే ఆగాను. మాస్కు కట్టుకున్న శేఠ్ చూస్తుండగా ఆయన సందు చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి వచ్చాడు. శేఠ్ తల ఊపి, గోడ పక్క సాంచెల వైపు చెయ్యి చూపించాడు.

సాయంత్రం ఆయన మెట్లెక్కుతుంటే నా భుజం దానంతటదే ముందుకు పోయింది.

"మల్ల దాన్ని ఖరాబు చెయ్యకు" అన్నాడు.

వెనక్కి జరిగాను. పచ్చలైటు మీద గుడ్డ మాత్రం ఇప్పటికీ కప్పుతాను.