ఈనకముందు తాపిన కాల్షియం

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు పశుసంవర్ధక శాఖ సహాయ సంచాలకురాలిగా మదనపల్లె నుంచి పుంగనూరుకు బదిలీ అయ్యాను. ఆ హోదాలో పర్యవేక్షణ ఎక్కువ, వైద్యం తక్కువ. ఆ శ్రావణంలో మా పరిధిలోని పెద్దపంజాణి పశువుల డాక్టరు సెలవు పెట్టడంతో అక్కడి కేసులు నేనే చూశాను.

ఒక ఉదయం రెడ్డెమ్మ అనే రైతు ఫోన్ చేసింది. ముందురోజు ఈనిన ఆవు లేవడం లేదట. వెళ్లేసరికి అది మెడను డొక్కవైపు తిప్పుకుని పడి ఉంది. చెవులు చల్లబడ్డాయి. పాలజ్వరం. పేరుకే జ్వరం, ఒంట్లో వేడి ఉండదు. రక్తంలోని కాల్షియం జున్నుపాలలోకి పోవడమే జబ్బు.

"సూడితో ఉన్నప్పుడు దినామూ కాల్షియం టానిక్కు తాపినాను డాక్టరమ్మా. యాల పడిపోయింది?" అంది రెడ్డెమ్మ, ఆవు తల నిమురుతూ.

మెడ సిరలోకి కాల్షియం సీసా ఎక్కించాను. గుండె చప్పుడు వింటూ మెల్లగా వదలాలి. తొందరపడితే గుండె ఆగుతుంది. ఆవు వణికి, తేన్చి, లేచి నిలబడింది. మర్నాడు మళ్లీ కూలబడింది. ఇక లేవదేమోనని ఆమె భర్త మునెప్ప దిగులుపడ్డాడు.

రెండో సీసా ఎక్కిస్తూ ఇద్దరికీ విడమరిచి చెప్పాను. పేగు కణాల్లో కాల్షియాన్ని లోపలికి చేరవేసే వాహకాలుంటాయి. రక్తంలో అది తగ్గితే మెడలోని చిన్న గ్రంథి కబురు పంపుతుంది, కణాలు వాహకాలను పెంచుకుంటాయి, ఎముకలూ కొంత కాల్షియాన్ని వదులుతాయి. ముందునుంచీ పుష్కలంగా అందుతుంటే ఆ కబురే పుట్టదు, వాహకాలు తగ్గిపోతాయి. ఈనినరోజు ఒక్కసారిగా కావలసివస్తే అవి మళ్లీ తయారయ్యేదాకా ఆవు ఆగలేదు.

"అంటే నేనే పడేసినానా?" రెడ్డెమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

మునెప్ప అందుకున్నాడు. "ఈమె సెయ్యే అంత డాక్టరమ్మా. నాకూ సాలు సాలన్నా ఇంకో ముద్ద పెడతాది."

రెడ్డెమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఈసారి ఆవు వెంటనే లేవలేదు. ఒకేవైపు పడుకుంటే కండ చచ్చుబడుతుందని, గడ్డి పరిచి ఇద్దరూ ఆవును అటూ ఇటూ తిప్పుతూ వచ్చారు. ఎక్కించిన కాల్షియం మళ్లీ పాలలోకి పోకుండా, పాలు పూర్తిగా పిండవద్దన్నాను. మరునాడు అది తనంతట తానే లేచి మేత ముట్టింది.

తర్వాతి ఈతకు ముందు ఆమె నేను చెప్పినట్టే టానిక్కు మానేసింది. ఈనిన పూటే ఫోన్ చేసి, "ఆవు నిలబడి దూడను నాకతా ఉండాది" అంది.

చూడి పశువుకు మందు రాసేముందు ఇప్పటికే ఏం పెడుతున్నారో అడగాలని ఆ కేసు నేర్పింది. కొన్నిసార్లు ఆపడమే చికిత్స. ప్రేమగా పెట్టే చేతిని ఆపమని చెప్పడానికి మాత్రం, ఇంజెక్షన్ చేయడం కంటే ఎక్కువ సమయం కేటాయించాలి.