బావ కొట్టాలనుకున్న కత్తి

పత్రిక ఉద్యోగం మానేశాక పూండి దగ్గర మా కొబ్బరితోటలో కొలిమి పెట్టుకున్నాను. రేకుల పాక, ఇనుము ఆనించి కొట్టడానికి రైలు పట్టా ముక్కతో చేసుకున్న దాగలి, గాలి కొట్టే కరెంటు బ్లోయరు. అమ్మకానికి కాదు, సరదాకి. లారీ కమాను పట్టీలు, టెక్కలి కోతమిల్లులో పారేసిన రంపం బ్లేడు ముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పసుప్పచ్చగా అయ్యేదాకా కాల్చి కొడితే అన్నీ ఒకే ముద్దగా అతుక్కుంటాయి. దాన్ని మడిచి మళ్లీ కొట్టి సాగదీస్తే కత్తి ఒంటిమీద నీటి అలల్లాంటి చారలు తేలతాయి. డమాస్కస్ ఉక్కంటారు.

నేను పట్టుకారుతో ఇనుము తిప్పుతుంటే ఎదురుగా నిలబడి సమ్మెట వేసేది మా అక్క భర్త. వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి రైతు. ఆయనకు కిడ్నీలు పాడయ్యాయని తేలింది. మా దగ్గర ఇంటింటా ఉన్న జబ్బే, ఆ మాట విన్నవారెవరూ ఎందుకని అడగరు. ఆ జబ్బు గురించి ఉద్యోగంలో ఉండగా చాలా వార్తలు రాశాను. కారణం ఇదీ అని ఒక్కదానిలోనూ రాయలేకపోయాను.

పలాసలో డయాలసిస్ మొదలైంది. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమచేతిలో రక్తనాళాలు కలిపి కుట్టారు. ఆ చేత్తో బరువెత్తకూడదు. నీళ్లు కొలుచుకుని తాగాలి. కొబ్బరినీళ్లు అసలు ముట్టకూడదు. అలాంటి రోజుల్లో వాళ్లింటికి వెళితే బావ నన్నడిగాడు, బొండాలు కొట్టే కత్తి ఒకటి చేద్దామని. ఇన్నాళ్లూ సమ్మెట వేసింది తనే అయినా తయారైనవన్నీ నా కత్తులే. ఇది మాత్రం తన దెబ్బలతో కావాలి. సమ్మెట వద్దు, కుడిచేతికి సుత్తి చాలు, ఓపిక ఉండగానే కానిద్దాం అన్నాడు.

అక్క గుమ్మంలోంచే అంది: "బొండం ముట్టనేని మనిషికి కత్తి దేనికంట? గోడకి తగిలించి దండమెట్టుకుంతాడేటి?"

"నాకు కాదే, నీ పీక మీదకి," అన్నాడు బావ. ఆమె నవ్వకుండా లోపలికి వెళ్లింది.

మొదటిసారి ఆయన బొగ్గు కొననివ్వలేదు. జీడిపిక్కల తొక్కు బస్తా ఒకటి తెప్పించాడు. "బొగ్గు దేనికి బావా? పలాసలో జీడిబట్టీలన్నీ దీనిమీదే మండతన్నాయి," అన్నాడు. ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు. నాకూ సబబే అనిపించింది. చిన్నప్పటినుంచీ ఆ మంటను చూసినవాళ్లం. పట్టీలు పసుప్పచ్చగా కాలాయి, అతుక్కోవడానికి పైన చల్లిన వెలిగారం తేనెలా కరిగింది, బావ కొట్టాడు. చల్లారాక అంచు సానపడితే నల్లటి గీత కనిపించింది. ఉలి ఆనించగానే పైపొర అట్టలా లేచిపోయింది. తొక్కులోని నూనె మసిగా మారి పొరల మధ్య దూరింది. ఆ మంటను ఎరగని వేరే ఊరివాడైతే ఈ పని చేసేవాడు కాదు.

తర్వాత బావకు జ్వరం పట్టుకుంది. తేరుకునేసరికి వానలు వెళ్లాయి. ఈసారి కొబ్బరిచిప్పల బొగ్గు పోశాం. డయాలసిస్ మర్నాడు ఒళ్లు కాస్త తేలిగ్గా ఉంటుందని ఆ ఉదయమే కొలిమి రాజేశాను. నేను పట్టుకారు పట్టాను. బావ తొందరపడకుండా, ఈ చివరినుంచి ఆ చివరిదాకా కొట్టుకుంటూ వచ్చాడు. మొదట మెత్తగా పలికిన ఇనుము కాసేపటికి గట్టిగా పలికింది. అతికింది.

అక్కడినుంచి సాగదీయాలి. ఒళ్లు హూనమయ్యే పని అదే. బావ బల్లమీద కూలబడ్డాడు. కొలిమి ముందు ఎవరికైనా దాహమేస్తుంది. వెంట వచ్చిన అక్క గ్లాసు అడుగున కాసిని నీళ్లు తెచ్చి ఇస్తే పెదాలు తడుపుకుని తిరిగి ఇచ్చేశాడు. ఇనుము చల్లారిపోతోంది. దానివైపు చూస్తూ, "నువ్వు కొట్టీ," అన్నాడు. నేను కొట్టాను. సాయంత్రందాకా కొడుతూనే ఉన్నాను. ఆయన చూస్తూ కూర్చున్నాడు.

కత్తి సానపట్టి, ఆమ్లంలో ముంచి తీస్తే చారలు తేలాయి. బావ చేతికిచ్చాను. బొటనవేలితో తడిమి, "సారలు బాగున్నాయి. దెబ్బలన్నీ నీవే కదేటి," అన్నాడు.

అతికింది నీ దెబ్బలకే, అసలు పని అదే అన్నాను. అబద్ధం కాదది.

"అతికింది అవుపడదు బావా. అవుపడీదంతా నీదే." కత్తి నా పక్కన పెట్టాడు. "ఇంకోటి సేద్దాం. సిన్నది. నా సెయ్యి ఆగినంత," అన్నాడు.

చిన్నదానికి పట్టీలు నేనే కోశాను. కాల్చేముందు అవి కదలకుండా తీగతో కట్టడం మాత్రం తన పనన్నాడు. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని, తీగ కొస పళ్లతో పట్టుకుని, కుడిచేత్తో చుట్టాడు. ముడి వదులుగానే పడింది. మళ్లీ ఓపిక రాలేదు. చలికాలం వెళ్లకముందే పోయాడు.

ఆ కట్ట పాకలోనే ఉంది. తుప్పు పడుతోంది. నేను ముడి బిగించలేదు, కాల్చనూ లేదు.